కారత్తయ్య గాజులు

చనిపోయినవాళ్ళ గురించి అబద్ధాలు చెప్పటంలో మా వీధిని మించింది లేదు. మొన్న కారత్తయ్య పోయిన రోజు షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళందరిదీ ఒకటే పాట. దేవత లాంటి మనిషి, ఒకళ్ళని నొప్పించి ఎరగదు, నోట్లో నాలుక లేని మనిషి అని. నేను ఓ మూల కూర్చుని పళ్ళు బిగబట్టాను. నోట్లో నాలుక లేకపోవటమేమిటి? ఆ నాలుకతో ఆవిడ పాలవాణ్ణీ, కేబులువాణ్ణీ, కన్నకొడుకునీ, నన్నూ బతికినన్నాళ్ళూ ఉతికి ఆరేసింది. నరసరావుపేటలో ఆవిడ చేత తిట్లు తినని కారు మెకానిక్కు ఎవరైనా ఉంటే, అతను నిన్నో మొన్నో షెడ్డు తెరిచి ఉండాలి.

దేవత అన్న మాట చెవిన పడితే ఆవిడే లేచి కూర్చుని, "ఎవతే ఆ మాటన్నది" అని అడిగి ఉండేది. అందుకని ఆవిడ ఎట్లాంటిదో నేను చెబుతాను. నేను వాళ్ళ ఎదురింటిదాన్ని. ఆవిడ కారు కింద దూరి పని చేసుకుంటుంటే, ఆవిడ గాజులు నా చేతులకు వేసుకుని కాపలా కాసినదాన్ని.

ముందు కారు సంగతి. అది పాత చిన్న కారు. కొన్నప్పుడు తెలుపట, నేను కాపురానికి వచ్చేసరికి పుల్లమజ్జిగ రంగుకి దిగింది. ఆవిడ భర్త, మా వరసకు మామయ్య, పంచాయితీలనీ పొలాలనీ దాంట్లో తిరిగినంత కాలం ఆవిడది వెనకసీటు. ఆయన పోయాక ముందుసీటులోకి వచ్చింది. ఆ మాట నాతో ఏ మొహమాటమూ లేకుండా చెప్పింది.

"మీ మామయ్య పోయినప్పుడు ఏడ్చానే. చానా ఏడ్చాను. కర్మలన్నీ అయినాక లేచి మొహం కడుక్కొని, కారు తాళం యాడ పెట్టాడో వెతికాను."

నేర్పించమని కొడుకుని అడగలేదు. డ్రైవింగ్ స్కూల్లో చేరి, మీసాలు రాని కుర్రాళ్ళ మధ్య కూర్చుని నేర్చుకుంది. అప్పటికి మనవళ్ళని ఎత్తే వయసు. వీధంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ ఆ నవ్వుల మధ్యనుంచే హారన్ కొట్టుకుంటూ పోయింది. కారత్తయ్య అన్న పేరు అప్పుడు వచ్చిందే.

పాత కారు అంటే మందులమీద నడిచే మనిషి కింద లెక్క. ఒకరోజు హారన్ మోగదు. ఇంకోరోజు ఎవరూ అడక్కుండానే వైపర్లు తిరుగుతాయి. ఇంజను, టైర్లు లాంటి బరువు పనులు మెకానిక్కుకి వదిలేసేది కానీ కరెంటు సంగతి మాత్రం ఆవిడే చూసుకునేది. ఎందుకంటే మెకానిక్కు దగ్గరికి పోతే, "ఎప్పుడిస్తావు నాయనా" అని రోజూ అడగాలి. అడగటమన్నది ఆవిడకు చేతకాని పని. బస్సులో సీటు అడగదు, చుట్టాలింట్లో రెండోసారి కూర అడగదు. "అడగాలంటే నాకు గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టుంటదే" అనేది.

బానెట్ ఎత్తేముందు ఒక తంతు ఉండేది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, రెండు చేతుల బంగారు గాజులూ తీసి, నా చేతులు పట్టుకుని ఎక్కించేది. "వేసుకో. పోగొట్టావంటే ఊరుకోను." ప్రతిసారీ అవే మాటలు. ఒకప్పుడు గాజులతోనే పని చేస్తుంటే, గాజు బ్యాటరీ మీద అడ్డంగా పడి నిప్పులు చిమ్మిందట. మణికట్టు మీద మచ్చ చూపించేది. ఒక గాజుకి కూడా నల్లటి మచ్చ ఉంది, ఎన్ని మెరుగులు పెట్టించినా పోలేదు. "బంగారం కరెంటుకి మేనత్త కూతురే. తగిలిందంటే వదలదు" అనేది. అవి నా చేతులకు వదులు, బరువు. ఎదురింటి కోడలు ఎవరి గాజులో వేసుకుని నాపరాళ్ళ అరుగు మీద కూర్చుంటే, వచ్చేపోయేవాళ్ళు తేరిపార చూసేవాళ్ళు.

ఆవిడ పనిముట్టల్లా ఒక చిన్న బల్బు. దానికి రెండు వైర్లు అతికించి, ఒక వైరు కొసకి క్లిప్పు, ఇంకో వైరు కొసకి గోనె కుట్టే దబ్బనం కట్టుకుంది. పాత జాకెట్ గుడ్డలో చుట్టి కారు సొరుగులో పెట్టేది. క్లిప్పు కారు ఇనుముకి తగిలించి, దబ్బనం ఒక్కొక్క వైరు దగ్గరా గుచ్చుతూ పోయేది. బల్బు వెలిగితే అక్కడిదాకా కరెంటు వచ్చినట్టు. వెలగకపోతే ఆ పైన ఎక్కడో తెగినట్టు. దాంట్లో పెద్ద రహస్యమేమీ లేదని ఆవిడే చెప్పేది. కానీ తొందర ఉండకూడదు. నాకేమో తొందర ఎక్కువ.

"మొత్తం వైర్లన్నీ మార్పిస్తే పోలా అత్తయ్యా?" అన్నాను ఒకసారి, ఎండకి తట్టుకోలేక.

"పులుసు చెడిందంటే ఉప్పూ కారం చింతపండూ అన్నీ ఒక్కసారే పోస్తావటే నువ్వు? ఒకటి ఎయ్యాల, రుచి చూడాల. ఇంకోటి ఎయ్యాల, రుచి చూడాల. అందుకే మీ ఆయన మీ ఇంట్లో పులుసంటే పారిపోతాడు."

మా ఇంటి పులుసు దాకా ఎందుకు వచ్చిందో నాకు తెలీదు. ఆవిడ అంతే, వైరు పట్టుకుని మాట్లాడుతూ మనిషి మీదికి వచ్చేస్తుంది. ఏ తేడా వచ్చినా ఆవిడ మొదట అడిగే ప్రశ్న ఒకటే. "నిన్న బాగుంది గదా. నిన్నటికీ ఈరోజుకీ ఏం మారింది? అది చెప్పు ముందు." కారుకే కాదు, పిల్లాడికి జ్వరం వచ్చినా, మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నా అదే ప్రశ్న.

ఓ ఎండాకాలం కారుకి వింత తెగులు పట్టింది. బ్రేకు తొక్కితే వెనకాల ఎర్రదీపం బదులు పక్క దీపం మిణుకుమిణుకుమనేది. నేను లోపల కూర్చుని తొక్కుతుంటే ఆవిడ వెనక గొంతుక్కూర్చుని చూస్తోంది. "తొక్కు. తియ్. మళ్ళీ తొక్కు. ఏమే, నిద్రపోయావా?" చివరికి దీపం వెనక, ఇనుముకి బిగించే వైరు దగ్గర పచ్చటి చిలుము పట్టిందని తేలింది. కరెంటు తన దారి మూసుకుపోయేసరికి పక్క దీపం దారిన పోతోందట. లోపల్నుంచి చింతపండు తెచ్చి, ఇత్తడి చెంబు తోమినట్టు ఆ కొసని తోమింది. కడిగి, తుడిచి, ఆరబెట్టి బిగించింది. దీపం ఎర్రగా వెలిగింది. ఆవిడ లేచి నడుం పట్టుకుని, "మూసుకుపోయిన దారిని తిడితే ఏం లాభం, తోమాల గానీ" అంది.

ఇంత మంచిగా చెబుతున్నానని ఆవిడ మంచిదే అనుకోకండి. ఆ చింతపండు ఏ తాళం తీస్తే వచ్చిందో కూడా చెప్పాలి.

ఆవిడ నడుముకి వెండి కొక్కెం, దానికో పెద్ద తాళాల గుత్తి ఉండేది. బీరువాది, బియ్యం గదిది, పప్పులూ నెయ్యీ ఉండే కొట్టుగదిది, దేవుడి మందసానిది, పొలంలో మోటారు షెడ్డుది, గేట్లవి. ఏ తాళానిదో ఎవరికీ తెలీనివి కూడా దాంట్లో వేలాడేవి. మా వైపు కాస్త పొలం పుట్రా ఉన్న ఇళ్ళల్లో అత్తగారి నడుముకి గుత్తి ఉండటం వింతేమీ కాదు. ఆవిడ అత్తగారి నడుము మీదనుంచి ఆవిడ నడుము మీదికి వచ్చింది అది. కారు తాళం కూడా ఆ రింగుకే ఎక్కించింది.

ఇంట్లో కొడుకూ కోడలూ ఉండేవాళ్ళు. కొడుకు ఎరువుల వ్యాపారం. కోడలు నెమ్మదైన పిల్ల, నన్ను అక్కా అని పిలుస్తుంది. మేం కారు దగ్గర పనిలో ఉంటే ఆ పిల్ల చేతిలో స్టీలు గిన్నె పట్టుకుని షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడేది. పిలిచేది కాదు. అత్తయ్య చూసేదాకా నిలబడేది.

"ఏంది?"

"చక్కెర అయిపోయింది అత్తయ్యా."

ఆవిడ దబ్బనం కింద పెట్టి, చేతులు తుడుచుకుని, లోపలికి పోయి, తాళం తీసి, గిన్నెలో పోసి, తాళం వేసి వచ్చేది. చింతపండైనా అంతే, నెయ్యైనా అంతే, పండక్కి పైన పెట్టిన గంగాళమైనా అంతే. ఆ పిల్ల కాపురానికి వచ్చి ఎన్నేళ్ళయినా ఆ గిన్నె అట్లాగే వచ్చేది. ఆ పిల్లతో అత్తయ్య చెడ్డగా మాట్లాడి ఎరగదు, కాదనీ ఎరగదు. కానీ అడగాలి. నాకు చూస్తుంటే ఒళ్ళు మండేది. మా అత్తగారి గుత్తి రోజులు నాకు గుర్తున్నాయి కాబట్టి.

ఇక సత్తెనపల్లి అక్క. కారత్తయ్యకు తోడబుట్టిన అక్క సత్తెనపల్లిలో ఉంటుంది. కాళ్ళ వాపులు, బస్సు మెట్టు ఎక్కలేదు, ఆటోలో కుదుపుకి ఓర్చుకోలేదు. ఆవిడకు గడప దాటటమంటే ఈ కారు రావటమే. వారానికోసారి అత్తయ్య పోయి అక్కని ముందుసీటులో కూర్చోబెట్టుకుని, అమరావతి దాకా తీసుకుపోయేది. గుడి మెట్లు ఎక్కలేదు కాబట్టి కృష్ణానది కనపడేట్టు కారు ఆపి, అద్దాలు దించి, ఇద్దరూ ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేవాళ్ళు. చిన్నప్పటి చుట్టాలందర్నీ వరసబెట్టి ఆడిపోసుకునేవాళ్ళు. వీలున్నప్పుడు నేనూ వెనకసీటులో చేరేదాన్ని. ఆ పెద్దావిడ తిరిగి వచ్చేటప్పుడు కిటికీలోంచి ప్రతి చిల్లరకొట్టునీ పేరుపేరునా చూసుకునేది.

అట్లాంటిది, కారు దారిలో ఆగిపోవటం మొదలుపెట్టింది.

ఊళ్ళో బాగానే ఉండేది. సత్తెనపల్లి రోడ్డెక్కాక, గతుకుల్లో, ఉన్నట్టుండి చచ్చిపోయేది. ఇంజనూ, డాష్‌బోర్డు మీద దీపాలూ అన్నీ ఒక్కసారే. వెనకాల మిర్చి లారీలు హారన్లు కొడుతుంటే ఈవిడ మధ్యరోడ్డున. ఎవరైనా వచ్చి పక్కకు నెట్టాక, తాళం తీసి మళ్ళీ పెట్టి తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. మెకానిక్కుకి ఇచ్చింది. అతను అదే రోడ్డున తిప్పి చూశాడు, ఒక్కసారీ ఆగలేదు. కొడుకు తన దగ్గరున్న రెండో తాళంతో తీసుకుపోయి వచ్చాడు, ఆగలేదు. ఈవిడ తీసుకుపోతే ఆగింది.

మెకానిక్కు తల గోక్కుని, "కారులో ఏం లేదమ్మా. మీరే ఎక్కడో..." అని నమిలాడు. మిగతాది కొడుకు పూర్తి చేశాడు.

"అమ్మా, కోప్పడమాక. వయసైంది. నీకు తెలీకుండానే ఏదో తప్పు చేస్తన్నావు. లారీ వెనకాల నుంచి గుద్దితే నేనేమైపోవాల? మాచర్ల నుంచి ఒకాయన అడుగుతన్నాడు ఈ బండిని. ఇంకొక్కసారి దారిలో ఆగిందంటే ఇచ్చేస్తాను. పెద్దమ్మ దగ్గరికి పోవాలంటే నన్నడుగు, నేను తీసకపోతా."

పాపం, అతను అన్నదాంట్లో తప్పేముంది? తల్లి రోడ్డు మధ్యలో నిలబడితే ఏ కొడుక్కైనా గుండె జారుతుంది. కానీ "నన్నడుగు" అన్న మాట దగ్గర ఆవిడ మొహం చూశాను నేను. పోయి షెడ్డులో బానెట్ ఎత్తింది.

ఆ తర్వాత రోజూ గాజులు నా చేతులకే. ఫ్యూజులన్నీ తీసి ఒక్కొక్కటే గీకి పెట్టింది. బ్యాటరీ కొసలు తోమింది. ఒకటి మార్చి, రోడ్డు చివరిదాకా పోయి వచ్చి, ఇంకోటి మార్చింది. బల్బు ప్రతిచోటా వెలిగింది. ఎక్కడా తప్పు లేదు. తప్పు దొరక్కపోతే మిగిలేది ఆవిడే కదా.

ఒక మధ్యాహ్నం దబ్బనం చేతిలో పట్టుకుని నా పక్కన అరుగు మీద కూలబడింది.

"నిజం చెప్పవే. నా మొహం చూసి కాదు, నిజం చెప్పు. నేను నడిపేటప్పుడు నా కాలు అదురుతోందా? చెయ్యి తప్పుతోందా?"

"లేదత్తయ్యా."

"మరి వాడు నడిపితే ఆగదేంది? వాడికీ నాకూ మధ్య ఏం మారింది?" అని అడిగి, తనే చెప్పుకుంది. "వయసు. అదొక్కటే మారింది."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ చూడకూడదని గాజులు సర్దుకుంటూ కూర్చున్నాను. మా వీధిలో ఎవరికీ లొంగని మనిషి, ఒక బల్బు చెప్పిన మాటకి లొంగిపోయింది.

ఆ వారం అక్క దగ్గరికి బయల్దేరుతూ నన్ను రమ్మంది. ఇదే ఆఖరేమో అన్నట్టు కారు కడిగింది, అద్దాలు తుడిచింది. నేను ముందుసీటులో కూర్చున్నాను. కారు తాళం పెట్టే చోటు స్టీరింగుకి ఎడమవైపు, డాష్‌బోర్డు మీద. ఆవిడ నడుము నుంచి గుత్తి ఊడదీసి, దాంట్లోని కారు తాళం పెట్టి తిప్పింది. మిగిలిన గుత్తంతా కింద వేలాడుతోంది. రోడ్డెక్కాం. ఆవిడ మాట్లాడటం లేదు. మాటలు లేని కారులో ఆ గుత్తి చప్పుడు ఒకటే. గలగల, గలగల. నాకసలే చిరాకు మనిషినని పేరు.

"అత్తయ్యా, ఆ చప్పుడుకి తల పగిలిపోతోంది."

"పగిలితే పట్టుకో" అంది రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా.

నేను ముందుకి వంగి, గుత్తిని అరచేతిలోకి ఎత్తి పట్టుకున్నాను. రోడ్డు వెడల్పు చెయ్యటానికని తవ్విపోసిన చోటు వచ్చింది. ఎప్పుడూ ఆగేది అక్కడే. ఆవిడ స్టీరింగు మీద వేళ్ళు తెల్లబడేట్టు బిగించింది. కారు ఎగిరింది, పడింది, గుంటలో దిగింది, లేచింది. ఆగలేదు. తవ్విన రోడ్డు సగం దాటాం. నా నడుం పట్టేసింది, చెయ్యి లాగేసింది. అబ్బా అని గుత్తి వదిలేసి వెనక్కి ఆనుకున్నాను. అది ధడాలున కిందికి వేలాడి ఊగింది. దీపాలు ఆరిపోయాయి. కారు చచ్చిపోయింది.

మిగిలిన ఊపుకి పక్కకి తిప్పి ఆపింది. నా వైపు చూసింది. తర్వాత గుత్తి వైపు చూసింది.

"పట్టుకో మళ్ళీ."

పట్టుకున్నాను. తిప్పింది. స్టార్టయింది.

"వదులు."

వదిలాను. ఊపి చూసింది. చచ్చిపోయింది.

"పట్టుకో."

స్టార్టయింది. అక్కడితో వదల్లేదు. మొదటి జవాబుని ఎప్పుడూ నమ్మదు కదా. లారీలవాళ్ళు మమ్మల్ని పిచ్చివాళ్ళని చూసినట్టు చూసుకుంటూ పోతుంటే, పట్టుకో వదులు, పట్టుకో వదులు అని నా చేత కసరత్తు చేయించింది. చివరికి ఇంజను ఆపి, సీటుకి తల ఆనించింది.

"చంకలో పిల్లని పెట్టుకొని ఊరంతా వెతికానే."

నాకు అప్పుడు వెలిగింది. ఇన్నేళ్ళూ ఆ బరువంతా వేలాడి వేలాడి తాళం స్విచ్చి లోపల వదులైపోయింది. గతుకులో గుత్తి ఊగితే కరెంటు తెగిపోతోంది. మెకానిక్కుకి ఇచ్చేటప్పుడు ఆవిడ కారు తాళం ఒక్కటీ రింగులోంచి ఊడదీసి ఇచ్చేది. బీరువా తాళాలూ, బియ్యం గది తాళాలూ ఎవరు ఇస్తారు మెకానిక్కు చేతికి? కొడుకు దగ్గరి తాళానికి అసలు గుత్తే లేదు. వాళ్ళు నడిపితే ఎందుకాగుతుంది?

"వయసు కాదత్తయ్యా" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. కారు తాళం రింగులోంచి తీసి, గుత్తిని నా ఒళ్ళో పడేసింది. సత్తెనపల్లి పోయి అక్కని ముందుసీటులో ఎక్కించుకున్నాం, నేను వెనక్కి మారాను. అమరావతి దాకా కారు వెన్నలా నడిచింది. నది ఒడ్డున ఆపాం. అక్కగారు కాయలు ఒలుస్తూ మొదలుపెట్టింది.

"పోయిన వారం నువ్వు రాలా. ఫోను చేసి ఎప్పుడొస్తావే అని అడుగుదామనుకున్నాను. అడగబుద్ధి కాలా. నీ పనులు నీకుంటయ్యి గదా. అడిగితే విసుక్కుంటావేమోనని ఫోను పక్కన పెట్టుకొని కూచున్నా."

"నేనెప్పుడన్నా విసుక్కున్నానా నిన్ను?"

"లేదు. అయినా అడగాలంటే అట్టాగే ఉంటది. నీకు తెలవదులే."

కారత్తయ్య చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది. తర్వాత వెనక్కి తిరిగి నన్ను అడిగింది, మెల్లగా.

"మా కోడలు నన్ను రోజుకెన్ని సార్లు అడిగిద్దే?"

నా ఒళ్ళో గుత్తి ఉంది. నేను మెత్తగా చెప్పే రకం కాదు. "చక్కెరకి అడుగుద్ది, నెయ్యికి అడుగుద్ది, చింతపండుకి అడుగుద్ది. గిన్నె పట్టుకొని నిలబడుద్ది, పిలవను కూడా పిలవదు. నువ్వు తల ఎత్తేదాకా" అన్నాను. ఆవిడ తిట్టలేదు. కాయ నోట్లో వేసుకోకుండా పొట్లంలో పెట్టేసింది.

మేం ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. కారు షెడ్డులో పెట్టి దిగుతుంటే, గుమ్మంలో ఆ పిల్ల, చేతిలో అదే గిన్నె. పప్పు కోసమనుకుంటా. కారత్తయ్య నా చేతిలోంచి గుత్తి తీసుకుని, నడిచిపోయి, ఆ గిన్నెలో వేసింది. ఖంగుమంది.

ఆ పిల్ల బెదిరిపోయింది. "నేనేం తప్పు చేశాను అత్తయ్యా?"

"నువ్వేం చెయ్యలా. ఇది నీ దగ్గరుంచు. ఇకనుంచీ నన్ను అడగమాక."

అని లోపలికి పోయి కాళ్ళు కడుక్కుంది. ఆ పిల్ల గిన్నె రెండు చేతులతో పట్టుకుని నా వంక చూస్తే, తీసుకో అన్నట్టు తల ఊపి మా ఇంటికి వచ్చేశాను.

అన్నాలప్పుడు కొడుకుతో చెప్పిందట. "కారులో తప్పు దొరికింది. తప్పు నాదే, కానీ నడపటంలో కాదు." మర్నాడు మెకానిక్కు పాత స్విచ్చి పీకి కొత్తది వేశాడు. కొడుకు ఆ మాచర్ల ఆయనకి ఫోను చేసి లేదని చెప్పాడు. ఓ వారం పోయాక సీట్లకి కొత్త కవర్లు తెచ్చి, తల్లితో ఏమీ మాట్లాడకుండా తనే తొడిగాడు. వాళ్ళింట్లో క్షమాపణలు అట్లాగే ఉంటాయి.

కోడలు గుత్తిని నడుముకి పెట్టుకోలేదు. వంటింటి తలుపు పక్కన మేకుకి తగిలించింది. కొన్నాళ్ళకి ఆ గదులకి తాళాలు వెయ్యటమే మానేశారు. కారత్తయ్య మాత్రం కారు తాళం ఒక్కదాన్ని కొంగుకి ముడేసుకుని తిరిగేది. అటుతర్వాత అత్తాకోడళ్ళిద్దరూ అచ్చంపేట వైపున్న పొలం చూసొస్తామని మధ్యాహ్నాలు కారులో పోయేవాళ్ళు. అక్కడ ఇద్దరూ పోయి చూడాల్సినంత ఏముందో నాకు అర్థమయ్యేది కాదు. ఏముందత్తయ్యా అంటే, "నీకెందుకే" అనేది.

అదీ ఆవిడ. దేవత ఏమీ కాదు. కోడల్ని అన్నేళ్ళు గిన్నెతో నిలబెట్టిన మనిషి. తెలిసిన రోజున, ఇంకో పూట ఆగకుండా దిద్దుకున్న మనిషి. నాకు ఆ రెండోది చాలు. ఆవిడంటే నాకు ప్రాణం. ఈ ముక్క ఆవిడ ఉండగా అంటే, "చాల్లే, బల్బు పట్టుకో" అనేది.

పెద్దకర్మ అయిన మర్నాడు చుట్టాలు ఇంకా ఉన్నారు. వరండాలో కూర్చుని కారు సంగతి ఎత్తారు. ముసల్ది పోయింది, ఇక దాన్ని ఎవరు నడుపుతారు, ఎవరికన్నా ఇచ్చెయ్యరాదూ అని. కొడుకు తల వంచుకుని, "చూద్దాం" అన్నాడు. లోపల్నుంచి కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆ పిల్ల కొంగుకి ముడి ఉంది.

"సత్తెనపల్లి పెద్దమ్మ ఎదురుచూస్తంటది. నేను పోయొస్తా" అంది.

"దేంట్లో?" అన్నాడతను.

"కారులో."

అతను మొహం ఎత్తాడు. "నువ్వెప్పుడు నేర్చుకున్నావు?"

"అత్తయ్య నేర్పింది."

"నన్నొక్క మాట అడగలేదేంది?"

"అడగాల్సిన పని లేదంది అత్తయ్య" అని, చెప్పులేసుకుని షెడ్డు వైపు నడిచింది.

నేను వెనకే పోయాను. ఇన్ని రోజులు కదలక కారు మొండికేసింది. తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంది. వరండాలోంచి ఎవరో నవ్వారు. ఆ పిల్ల దిగి, బానెట్ ఎత్తి, కాసేపు నిలబడి చూసింది. సొరుగులోంచి జాకెట్ గుడ్డ మూట తీసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, తన చేతులకున్న గాజులు తీసింది. ఒకదాని మీద నల్లటి మచ్చ ఉంది. నా చెయ్యి పట్టుకుని ఒక్కొక్కటే ఎక్కించింది.

"వేసుకో అక్కా" అంది. "పోగొట్టావంటే ఊరుకోను."